'సీ' అంటే సముద్రమా, చూడటమా? స్పెల్లింగ్ తికమకకు ఇంట్లోనే మందు

సూర్యలంక బీచ్‌కి వెళ్లొచ్చిన పిల్లాడిని ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాయమంటే 'ఐ వెంట్ టు ద సీ' అని మొదలుపెడతాడు. వాక్యం బాగానే ఉంది. కానీ 'సీ'కి ఎస్-ఈ-ఈ అని రాస్తే 'చూడు' అని అర్థం. సముద్రానికి ఎస్-ఈ-ఏ రాయాలి. మార్కు పోతే "సరిగ్గానే రాశాను కదా అమ్మీ" అని బిక్కమొహం వేస్తాడు. ఇలా ఒకేలా వినిపించి, అర్థం మారే మాటల్నే హోమోఫోన్లు అంటారు.

ఇది పిల్లాడి తెలివికి సంబంధించిన లోపం కాదు. తెలుగులో పలికినట్టే రాస్తాం, ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఈ రెండు 'సీ'లనూ వేర్వేరుగానే పలికేవారు. 1476లో విలియం కాక్స్‌టన్ అక్కడ ప్రింటింగ్ ప్రెస్ పెట్టాక స్పెల్లింగులు మెల్లమెల్లగా కుదురుకున్నాయి. పలికే తీరు మాత్రం మారుతూ పోయింది.

ఉర్దూలో ఉన్నదే

ఉర్దూ కాయిదా పట్టిన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. 'ఆమ్' అలిఫ్‌తో రాస్తే మామిడిపండు, ఐన్‌తో రాస్తే మామూలు, సాధారణం. 'సదా' సీన్‌తో రాస్తే ఎప్పుడూ, స్వాద్‌తో రాస్తే పిలుపు. అరబీలో సీన్, స్వాద్ శబ్దాలు వేరు. అందుకే ఖురాన్ చదివించేటప్పుడు ఉస్తాద్ విడివిడిగా పలికిస్తారు. ఉర్దూ మాటల్లో ఆ తేడా వినిపించదు, రాతలోనే ఉంటుంది. "ఇంగ్లిష్ కూడా అంతే బేటా" అని చెబితే పిల్లల భయం సగం పోతుంది.

గుర్తుపెట్టుకునే కిటుకులు

- చూసే 'సీ'లో రెండు ఈలు. మనకు కళ్లు రెండు.
- బరువు అనే 'వెయిట్'లో ఎనిమిది అంకె 'ఎయిట్' స్పెల్లింగ్ దాగి ఉంది. ఎనిమిది కిలోల చేప అనుకోవాలి. ఆగమనే 'వెయిట్' స్పెల్లింగ్ డబ్ల్యూ-ఏ-ఐ-టి.
- దుఆ చేసే 'ప్రే'లో ఏ ఉంటుంది, అల్లాహ్ పేరు మొదట్లో ఉన్నట్టు. ఏ బదులు ఈ రాస్తే వేటకు చిక్కిన జంతువు అవుతుంది.
- కొడుకు అనే 'సన్'లో ఓ, సూర్యుడిలో యూ. ఫారాల్లోని 'సన్ ఆఫ్'లో రెండు మాటలకీ ఓనే.

ఈ చివరిది పెద్దయ్యాకా పనికొస్తుంది. సూర్యుడి స్పెల్లింగూ సరైన మాటే కాబట్టి ఫోన్‌లోని స్పెల్లింగ్ చెకర్ చాలాసార్లు ఎర్రగీత పెట్టదు. తప్పు అలాగే అప్లికేషన్‌లోకి వెళ్లిపోతుంది.

నాలుక తెచ్చే తంటా

కొన్ని మాటలు మన నోట్లోనే ఒకటైపోతాయి. తెలుగులో 'వ' ఒకటే, ఉర్దూలో వావ్ ఒకటే. అందుకే పడమర అనే 'వెస్ట్', బనియన్ అనే 'వెస్ట్' ఒకేలా పలుకుతాం. పడమరకు పెదాలు గుండ్రంగా చుట్టాలి. బనియన్‌కు పై పళ్లు కింది పెదవిని తాకాలి. అద్దం ముందు నాలుగైదుసార్లు పలికిస్తే తేడా తెలుస్తుంది.

అమ్మానాన్నలు చేయాల్సింది

డిక్టేషన్‌లో ఉత్త మాట ఇవ్వొద్దు, వాక్యం చెప్పాలి. ఉత్త 'సీ' అంటే టీచర్‌కైనా ఏదో తెలియదు. ఒక జంటలో మొదటి మాట గట్టిపడ్డాకే రెండోది నేర్పాలి. ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులూ "ఏ సీ? అర్థం చెప్పి రాయి" అని అడగొచ్చు. అర్థం తేలితే స్పెల్లింగ్ దారికొస్తుంది.

ఈసారి బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు వెళ్లి సూర్యలంకలో దిగినప్పుడు, తడి ఇసుక మీద రెండు 'సీ'లూ రాయించండి. తప్పు రాసినా పర్లేదు, అల వచ్చి చెరిపేస్తుంది. మళ్లీ రాయొచ్చు.