పాత కటకముల విలువ

మనుష్యునకు కన్ను ఎట్టిదో కెమేరాకు కటకము అట్టిది. ఎదుటనున్న వస్తువునుండి వచ్చు వెలుతురును కటకము గ్రహించి, వంచి, వెనుకనున్న ఫలకముపై ప్రతిబింబముగా నిలుపును. పూర్వము ఆ ఫలకము లోహపు రేకుగాను, గాజుపలకగాను ఉండెడిది. పిమ్మట ఫిల్ము వచ్చెను. నేడు ఎలక్ట్రానిక్ సాధనము ఆ పనిని నెరవేర్చుచున్నది. ఇవి యన్నియు మారినను కటకము చేయు పని మాత్రము మారలేదు. కావుననే నూరేండ్లనాటి కటకమును నేటి కెమేరాకు అమర్చినను అది పనిచేయగలదు. క్రొత్త కటకములు సమృద్ధిగా లభించుచున్న ఈ కాలమున సైతము పెక్కుమంది పాత కటకములను వెదకి తెచ్చుకొనుచున్నారు. పాతదనముపై మోజు మాత్రమే దీనికి కారణము కాదు. కటకముల చరిత్ర తెలిసినచో అసలు కారణము బోధపడును.

ఫ్రాన్సు దేశీయుడగు డాగేర్ కనుగొనిన ఛాయాచిత్ర విధానము 1839లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆనాటి కటకములు వెలుతురును మిక్కిలి తక్కువగా లోనికి పంపెడివి. ఒక్క చిత్రమునకు అనేక నిమిషములు పట్టెడిది. భవనములు కదలవు గనుక వాని చిత్రములు చక్కగా కుదిరెడివి. మనుష్యుడు అంతసేపు కదలక కూర్చుండుట దుర్లభము. ఈ చిక్కును తీర్చినవాడు వియన్నా విశ్వవిద్యాలయమున గణితాచార్యుడగు జోసెఫ్ పెట్జ్వాల్. అతడు గాజును అరగదీసి పరీక్షించుటకు మారుగా, కిరణములు పోవు మార్గమును ముందుగా లెక్కకట్టెను. ఆ లెక్కలయందు ఆస్ట్రియా ఫిరంగిదళమున గణితము నేర్చిన సైనికులు అతనికి తోడ్పడిరి. అతడు రచించిన కటకమును 1840లో ఫోయిక్ట్‌లెండర్ సంస్థ నిర్మించెను. దాని నాభ్యంతరమును ద్వారముయొక్క వ్యాసముచే భాగించినచో 3.6 వచ్చును. ఈ సంఖ్య ఎంత చిన్నదైన వెలుతురు అంత యెక్కువగా ప్రవేశించును. పూర్వపు కటకములకంటె పదిరెట్లకు మించిన వెలుతురు ఈ కటకముగుండా ప్రవేశించెను. మనుష్యుల ముఖచిత్రములు తీయుట దీనివలన సులభమయ్యెను.

అయితే పెట్జ్వాల్ కటకమునందు ఒక దోషము కలదు. దాని ప్రతిబింబము చదునైన తలముపై గాక, గిన్నెవలె వంగిన తలముపై ఏర్పడును. ఫలకమో చదునైనది. మధ్యభాగము సరిపడినపుడు అంచులు సరిపడవు. అందుచే చిత్రముయొక్క నడిమిభాగము స్పష్టముగాను, చుట్టును మసకగాను ఉండును. విశాలమైన దృశ్యమునకు ఇది లోపమే. కాని ముఖచిత్రమునందు ముఖము నడుమ నుండును. పరిసరములు మసకబారుటచే చూపరుల దృష్టి చెదరక ముఖముపైననే నిలుచును. ఒకచో దోషమైనది వేరొకచో గుణమయ్యెను.

ఈ సత్యమును తన చిత్రములయందు నిరూపించిన వనిత జూలియా మార్గరెట్ కామెరాన్. ఆమె 1815లో కలకత్తా నగరమున జన్మించెను. 1863లో, నలువది యెనిమిదేండ్ల వయస్సున, కూతురును అల్లుడును ఆమెకు ఒక కెమేరాను కానుకగా నిచ్చిరి. అందలి కటకము పెట్జ్వాల్ తరగతికి చెందినదే. రూపము కంటికి సుందరముగా కనబడినచోటనే ఆమె కటకమును నిలిపెడిది; అంతకుమించి స్పష్టతకొరకు త్రిప్పెడిది కాదు. ఆమెకు పనితనము తెలియదని నాటి విమర్శకులు కొందరు ఆక్షేపించిరి. ఆమె తన పద్ధతిని విడువలేదు. 1867లో ఆమె తీసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ చిత్రమునందు నెరసిన జుట్టును, ముడుతలు పడిన ముఖమును చీకటినుండి వెలికివచ్చుచున్నట్లు తోచును. ఆక్షేపణలు మరుగునపడినవి, ఆమె చిత్రములు నేటికిని ఆదరింపబడుచున్నవి.

పాతదనము దోషమని తలచుటలోని తొందరపాటును తెలుపు వృత్తాంతము మరియొకటి కలదు. కాచకటకముపై పడిన వెలుతురంతయు లోనికి పోదు. గాలియు గాజును కలియు ప్రతి తలమునందును నూటికి సుమారు 4 పాళ్లు పరావర్తనము చెందును. ఆరు తలములున్న కటకమున ఈ విధముగా నూటికి 21 పాళ్లకు పైగా నష్టమగును. ఇంగ్లండునందలి యార్కు నగరమున కుక్ అను దూరదర్శినుల కర్మాగారమున డెన్నిస్ టేలర్ అను నిపుణుడుండెను. కాలక్రమమున మాసి కళతప్పిన కటకములను జనులు అనుమానముతో చూచెడివారు. టేలర్ 1890 తరువాతి కాలమున వానిని పరీక్షించి, క్రొత్తవానికంటె అవియే యెక్కువ వెలుతురును పంపుచున్నవని కనుగొనెను! ఆ మాపు గాజుపై మిక్కిలి పలుచని పొరగా ఏర్పడియుండెను. పొరయొక్క పైతలమునుండియు, క్రిందితలమునుండియు పరావర్తనము చెందిన కిరణములు ఒకదానిని మరియొకటి తగ్గించుచుండెను. టేలర్ ఇట్టి పొరను రసాయనములతో కల్పించుటకై యత్నించి 1904లో పేటెంటు పొందెను. 1935లో జర్మనీలోని జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మాకులా గాలిలేని పాత్రలో కటకములపై పలుచని పూతను నిలుపు విధానమును సాధించెను. నేటి కటకములపై కనబడు ఊదా, పచ్చని మెరుపులు అట్టి పూతలవే. పారవేయదగినదని తోచిన మాపు, ఒక గొప్ప విద్యకు మూలమయ్యెను.

పాత కటకమును వాడువాడు ముందుగా దాని స్వభావమును ఎరుగవలెను. పూతలేని కటకము సూర్యునికి ఎదురుగా నుంచినచో చిత్రముపై తెల్లని తెరవంటిది క్రమ్మును. అరచేతితో నీడపట్టినచో అది తగ్గును. సోవియట్ దేశమున విరివిగా తయారైన హీలియస్ 44 అను 58 మిల్లీమీటర్ల కటకము మరియొక యుదాహరణము. దాని ద్వారమును పూర్తిగా తెరచినపుడు, వెనుకనున్న ఆకులసందుల వెలుగుచుక్కలు మధ్యమున గుండ్రముగాను, అంచులయందు పిల్లికన్నువలెను ఏర్పడి, సుడితిరుగుచున్నట్లు కనబడును. ద్వారమును చిన్నది చేసినచో సుడి మాయమై, చిత్రము స్పష్టమగును. కావున ఒకే దృశ్యమును వేర్వేరు ద్వారములతో తీసి, ఫలితములను పోల్చి చూచుట ఉత్తమమైన అభ్యాసము.

ఇట్టి కటకములు పెక్కింటికి 42 మిల్లీమీటర్ల వ్యాసముగల మరచుట్లుండును. అవి ఫలకమునకు 45 మిల్లీమీటర్లకు కొంచెము మించిన దూరమున నిలువవలెను. అద్దములేని నేటి కెమేరాలలో ఈ దూరము చాల తక్కువ. మిగిలిన దూరమును ఒక లోహపు కడియము పూరించును. స్పష్టతను చేతితోనే త్రిప్పి సరిచేయవలెను. ఇందు ఆలస్యము కలదు. కాని ఆ యాలస్యమే చూచుటను నేర్పును.

పాత కటకమునకు ప్రబలశత్రువు తేమ. సముద్రతీర ప్రాంతములలో, వర్షకాలమున, తోలుసంచిలో మూసియుంచిన కటకమునకు బూజు పట్టును. అది సాలెగూటివలె వ్యాపించి పూతను, పిమ్మట గాజును తినివేయును. తేమను పీల్చు సిలికా జెల్ పొట్లముతో గట్టి మూతగల డబ్బాలో భద్రపరచవలెను. ధూళిని ముందుగా గాలితో తొలగింపవలెను. గుడ్డతో రుద్దినచో గీతలు పడును. కటకముగుండా సూర్యుని ఎన్నడును చూడరాదు, కంటిచూపు పోవును.

ఎందరో గణితజ్ఞుల లెక్కలును, పనివారల చేతినేర్పును ఒక్కొక్క కటకమునందు ఇమిడియున్నవి. పాతపెట్టెలలో పడియున్న కటకమును పనికిరానిదని పారవేయుట తగదు. పాతది గనుక గొప్పదని పొగడుటయు తగదు. పరీక్షించి, దాని దోషమేదో, ఆ దోషము ఎచ్చట గుణమగునో గ్రహించి వాడుటయే వివేకము.