పది వేళ్ల పటాలం

వంద మంది వాయించే సింఫనీని ఒక్క పియానో మోయగలదా? 19వ శతాబ్దపు పారిస్‌లో మొదలైన ఈ పందెం పండవానీ పుట్టిన గడ్డకు పరాయిదేమీ కాదు

తంబురా చేతిలో నిలకడగా ఉన్నంతసేపే తంబురా. భుజానికెక్కితే అది భీముడి గద. అడ్డంగా తిరిగితే అర్జునుడి విల్లు. మరుక్షణం ద్రౌపది కురులు. పద్దెనిమిది రోజుల యుద్ధం, పద్దెనిమిది అక్షౌహిణుల సైన్యం. వేదిక మీద మాత్రం ఒకే ఒక్క స్త్రీ. ఉక్కు నగరం భిలాయ్‌కి చేరువలోని గనియారీ గ్రామంలో 1956లో పుట్టిన తీజన్ బాయి పండవానీని ఒక్కసారైనా చూసినవారికి ఈ దృశ్యం మరపురాదు. వెనక హార్మోనియం, తబలా ఉంటాయి. ఊకొట్టడానికి, మధ్యమధ్య ప్రశ్నలు వేయడానికి ఒక వంతగాడు ఉంటాడు. కానీ కౌరవులు, పాండవులు, కృష్ణుడు, చివరికి కురుక్షేత్రం కూడా ఆమె ఒక్కరే.

తెలుగువారికి ఇందులో వింతేమీ లేదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి నాటకమంతా తానే అయి నడిపించారు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం వచ్చి భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పండవానీలో హరికథ ఛాయలు కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమల్లా, అచ్చంగా ఇలాంటి సాహసమే పాశ్చాత్య సంగీతంలోనూ ఉండటం. అక్కడ తంబురా బదులు పియానో. మహాభారతం బదులు సింఫనీ.

సింఫనీ అంటే వయొలిన్లు, చెల్లోలు, వేణువులు, బాకాలు, డోళ్లు అన్నీ కలిసి నాలుగైదు భాగాల్లో పలికే పెద్ద రచన. 60 నుంచి 100 మంది వాద్యకారులు, వారందరినీ ఒక తాటిపై నడిపే కండక్టర్ కావాలి. దాన్నంతా ఒకే పియానోకు, ఒకే మనిషికి కుదించి రాయడాన్ని ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. చాలామంది చేసిన పనే ఇది. దాన్ని కళ స్థాయికి తీసుకెళ్లిన ఘనత మాత్రం హంగేరీలో పుట్టిన పియానో దిగ్గజం ఫ్రాంజ్ లిస్ట్ (1811-1886)ది.

1830 డిసెంబర్ 5న పారిస్‌లో హెక్టర్ బెర్లియోజ్ రాసిన 'సింఫొనీ ఫాంటాస్టిక్' తొలి ప్రదర్శన జరిగింది. శ్రోతల్లో 19 ఏళ్ల లిస్ట్ ఉన్నాడు. అంతకు ముందు రోజే ఇద్దరికీ పరిచయమైంది. అప్పటికి బెర్లియోజ్‌ను పట్టించుకునేవారు తక్కువ. సింఫనీని అచ్చు వేసేవారు అంతకన్నా తక్కువ. 1833లో లిస్ట్ ఆ రచన మొత్తాన్ని పియానోకు మార్చాడు. మరుసటి ఏడాది సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. ఆర్కెస్ట్రా ప్రతి అచ్చులోకి వచ్చింది 1845లో. అంటే 11 ఏళ్ల పాటు ఆ సింఫనీకి లోకంలో ఉన్న అచ్చు రూపం పియానో ప్రతి ఒక్కటే. 1835లో రాబర్ట్ షూమన్ తన పత్రికలో ఆ సింఫనీపై సుదీర్ఘ సమీక్ష రాశాడు. అప్పటికి ఆయన ఆ ఆర్కెస్ట్రాను విననే లేదు. లిస్ట్ పియానో ప్రతిని ముందు పెట్టుకునే రాశాడు!

ఆ మరుసటి ఏడాది మరో విచిత్రం. బెర్లియోజ్ నిర్వహించిన కచేరీలో అదే సింఫనీలోని వధ్యశిల యాత్ర భాగాన్ని ఆర్కెస్ట్రా వాయించింది. అది ముగియగానే లిస్ట్ పియానో ముందు కూర్చుని అదే భాగాన్ని ఒంటరిగా వాయించాడు. ఆర్కెస్ట్రాను మించిన ప్రభావం కనిపించిందని, సభ ఊగిపోయిందని శ్రోతల్లో ఉన్న చార్లెస్ హాలే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆర్కెస్ట్రా విలువ తెలియనివాడి మాట కాదిది. 1858లో మాంచెస్టర్‌లో తన పేరుతోనే నేటికీ కొనసాగుతున్న ఆర్కెస్ట్రాను స్థాపించింది ఈ హాలేనే.

ఇదంతా గారడీ కోసం జరిగింది కాదు. గ్రామఫోన్, రేడియో లేని రోజులవి. పెద్ద నగరంలో ఉంటే తప్ప సింఫనీ చెవిన పడదు. పడినా జీవితంలో ఒకటి రెండు సార్లే. ఆ లోటు తీర్చింది మధ్యతరగతి ఇళ్లలోని పియానో. కొత్త సింఫనీ వచ్చిందంటే ఒక్కరు వాయించేందుకో, ఇద్దరు పక్కపక్కన కూర్చుని నాలుగు చేతులతో వాయించేందుకో ప్రతులు మార్కెట్లోకి వచ్చేవి. బీథోవెన్‌ను ఎందరో మొదట విన్నది ఇంట్లోనే.

మరి వంద మంది పనిని పది వేళ్లు ఎలా చేస్తాయి? ఇక్కడే అసలు చిక్కు. వయొలిన్‌పై కమాను కదులుతున్నంతసేపూ స్వరం నిలుస్తుంది, కావాలంటే పెరుగుతుంది కూడా. పియానోలో సుత్తి తీగను తాకిన మరుక్షణం నుంచే ధ్వని సన్నగిల్లుతుంది. బీథోవెన్ అయిదో సింఫనీ ఆరంభాన్నే తీసుకుంటే, మూడు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు స్వరం. ఆ పొడుగు స్వరాన్ని ఆర్కెస్ట్రా కండక్టర్ చేయి దించేవరకూ అంతే బలంగా పట్టి నిలుపుతుంది. పియానిస్టు చేతిలో అది జారిపోతుంది. దీనికి విరుగుడుగా రెండు స్వరాలను వేగంగా మార్చిమార్చి వణికించే ట్రెమొలో పద్ధతి ఉంది. పెడల్ తొక్కి ఒక స్వరాన్ని గాల్లో నిలిపి, ఆలోగా చేతిని మరో చోటికి దూకించే పద్ధతి ఉంది. బొటనవేళ్లతో పాటను నడిపిస్తూ మిగతా వేళ్లతో చుట్టూ అల్లికలు అల్లి, వాయించేవారికి మూడో చేయి ఉందేమోనని భ్రమింపజేసే ఒడుపు ఉంది. లిస్ట్ ఏ స్వరం ఏ వాద్యానిదో ప్రతిలోనే పేరు రాసిపెట్టాడు, పియానిస్టు ఆ వాద్యాన్ని మనసులో వింటూ వాయించాలని.

అన్నిటికన్నా కష్టమైనది ఏది వదిలేయాలో తేల్చుకోవడం. అయిదో సింఫనీలో మూడో భాగం నుంచి నాలుగో భాగానికి వెళ్లే చోట డోలు ఒకే స్వరాన్ని గుండె దడలా కొడుతూ ఉంటుంది. చీకట్లోంచి ఒక్కసారిగా వెలుగులోకి వచ్చినట్టు చివరి భాగం విరుచుకుపడుతుంది. ఆ వెలుగు కోసం బీథోవెన్ అంతవరకూ లేని మూడు ట్రాంబోన్లను, పికొలోను, కాంట్రాబసూన్‌ను అక్కడే దింపాడు. ఆర్కెస్ట్రాకు కొత్త బలగం వస్తుంది. పియానిస్టుకు మాత్రం వేళ్లు పదే. అందుకే అతడు ఆ ఘట్టం కోసం మొదటి నుంచీ బలాన్ని పొదుపు చేసుకోవాలి. మొదటి భాగంలోనే సత్తువంతా చూపితే చివర చూపడానికి ఏమీ మిగలదు.

ఉక్కు నగరవాసులకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటుంది. సింఫనీ బరువును పియానో మోయగలగడం వెనక ఉన్నది ఇనుమే. లిస్ట్ యువకుడిగా ఉన్నప్పటి పియానోల చట్రం ప్రధానంగా చెక్క. ఆయన ధాటికి తీగలు తెగడం మామూలే. 1821లో పారిస్‌లోని ఎరార్ సంస్థ ఒకే మెట్టును వెంటవెంటనే మోగించే యంత్రాంగానికి పేటెంటు పొందింది. 1825లో అమెరికాలోని బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే పోతగా పోసిన ఇనుప చట్రానికి పేటెంటు తీసుకున్నాడు. నేటి కచేరీ పియానోలో 88 మెట్లు, దాదాపు 230 ఉక్కు తీగలు. వాటి బిగువు మొత్తం కలిపితే 20 టన్నుల దాకా ఉంటుంది. ఆ లాగుడును తట్టుకుని నిలబడేది పోత ఇనుప చట్రం. చెక్క పెట్టెలా కనిపించే పియానో నిజానికి సగం లోహపు యంత్రమే.

బీథోవెన్ సింఫనీలపై లిస్ట్ 1837లోనే పని మొదలుపెట్టాడు. ముందుగా అయిదు, ఆరు, ఏడు పూర్తయ్యాయి. 1863లో ప్రచురణకర్తలు తొమ్మిదీ కావాలన్నారు. అప్పటికి ఆయన కచేరీలు మానేసి రోమ్‌లో ఉంటున్నాడు. ఎనిమిది సింఫనీలు సాఫీగానే సాగాయి. తొమ్మిదో దాని చివరి భాగం దగ్గర బండి ఆగిపోయింది. అందులో ఆర్కెస్ట్రాతోపాటు నలుగురు గాయకులు, బృందగానం కూడా ఉన్నాయి. ఇది ఒక్క పియానోకు లొంగదని లిస్ట్ చేతులెత్తేశాడు. ప్రచురణకర్తలు పట్టుబట్టారు. చివరికి మరోసారి కూర్చుని పూర్తి చేశాడు. 1865లో తొమ్మిదీ వెలువడ్డాయి. తాను పియానోపై ఓడిపోయే చోటు ఒకటుందని ఒప్పుకున్నాకే ఆ పని పూర్తయిందన్నమాట.

ఈ కథకు భిలాయ్‌తో మరో చుట్టరికం ఉంది. 1955 ఫిబ్రవరి 2న కుదిరిన భారత్-సోవియట్ ఒప్పందంతో ఇక్కడి కర్మాగారం రూపుదిద్దుకుంది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ ఒప్పందంపై సంతకాలయ్యే నాటికి సోవియట్ యూనియన్‌లో ఒక సింఫనీ 18 ఏళ్లకు పైగా మూగబోయి ఉంది. 1936 జనవరిలో 'ప్రావ్దా' పత్రిక ద్మిత్రీ షోస్టకోవిచ్ ఒపేరాను తూర్పారబట్టింది. స్టాలిన్ కాలంలో అది పత్రికా విమర్శ కాదు, హెచ్చరిక. ఆ ఏడాది డిసెంబర్‌లో రిహార్సల్స్ నడుస్తుండగానే ఆయన నాలుగో సింఫనీ వెనక్కి వెళ్లిపోయింది. యుద్ధ కాలంలో దాని మూలప్రతి కూడా పోయింది. మిగిలింది షోస్టకోవిచ్ రెండు పియానోల కోసం రాసుకున్న ప్రతి. 1946లో దాన్ని 300 కాపీలు మాత్రమే వేశారు. తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో వాద్యకారుల విడి ప్రతులు దొరికి, సింఫనీని మళ్లీ కూర్చగలిగారు. 1961 డిసెంబర్ 30న మాస్కోలో కిరిల్ కొండ్రాషిన్ నాయకత్వంలో అది తొలిసారి మోగింది. పాతికేళ్ల పాటు దాని ఊపిరి నిలిపింది పియానోలే.

అదే షోస్టకోవిచ్ 1941 సెప్టెంబర్‌లో, జర్మన్ సేనలు ముట్టడించిన లెనిన్‌గ్రాడ్‌లో ఏడో సింఫనీ రాస్తూ పూర్తయిన భాగాలను ఇంట్లో మిత్రులకు పియానోపై వినిపించారు. మధ్యలో వైమానిక దాడి సైరన్ మోగింది. భార్యను, పిల్లలను తలదాచుకునే చోటికి చేర్చి వచ్చి వాయించడం కొనసాగించారు. ఆకలితో అలమటిస్తున్న ఆ నగరంలో ఆర్కెస్ట్రా దాన్ని వాయించగలిగింది 1942 ఆగస్టు 9న.

ఇంత చరిత్ర ఉన్న కళను మూలకు నెట్టింది రికార్డు. 1913లో ఆర్థర్ నికిష్ నాయకత్వంలో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ అయిదో సింఫనీ మొత్తాన్ని రికార్డు చేసింది. అసలైన ఆర్కెస్ట్రానే ఇంటికి వస్తుంటే నకలు ఎవరికి కావాలి? లిస్ట్ ప్రతులు దశాబ్దాల పాటు గ్రంథాలయాలకే పరిమితమయ్యాయి. రంగుల చిత్రం ఉండగా నలుపు తెలుపు ఫొటో ఎందుకనే వాదన ఇప్పటికీ ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఒబో నిట్టూర్పును, వయొలిన్ల మెరుపును పియానో ఎన్నడూ ఇవ్వలేదు.

అయినా వాటిని బయటికి తీసినవారున్నారు. 1964లో కచేరీలకు స్వస్తి చెప్పిన కెనడా పియానిస్టు గ్లెన్ గౌల్డ్ స్టూడియోలో కూర్చుని లిస్ట్ రాసిన అయిదో సింఫనీని రికార్డు చేశాడు. 1968లో వచ్చిన ఆ రికార్డు సంగీత లోకంలో చర్చ రేపింది. టర్కీకి చెందిన ఇదిల్ బిరెత్ 1986లో ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియర్ ఉత్సవంలో తొమ్మిదింటినీ వాయించారు. సిప్రియన్ కట్సారిస్ 1980లలో తొమ్మిదింటినీ రికార్డు చేశారు. వీటిని పియానో కోసం పుట్టిన మహాకృతులుగా భావించిన వ్లదిమీర్ హొరోవిట్జ్ తాను సభల్లో వాయించనందుకు చివరి దశలో విచారించారు. ఎక్స్‌రేలో రంగులుండవు, ఎముకలు కనిపిస్తాయి. ఆర్కెస్ట్రా హోరులో కలిసిపోయే లోపలి పలుకులు పియానోపై విడివిడిగా వినబడతాయి. పైగా కండక్టర్ ఆలోచన వంద మంది ద్వారా కాకుండా ఒకే మనిషి వేళ్ల నుంచి నేరుగా శ్రోతను చేరుతుంది.

భారత్‌లో ఈ కళకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. 2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా 'వేలియంట్' ప్రదర్శనతో సింఫనీ అన్న మాట తెలుగు ఇళ్లలోనూ వినిపించింది. కానీ సింఫనీని ఎదురుగా కూర్చుని వినే అవకాశం ఎందరికి? ముంబైలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఏర్పడిందే 2006లో. అంతటి బృందం ఒక ఉక్కు నగరానికి రావాలంటే ప్రయాణం, బస, వాద్యాల రవాణా, పెద్ద వేదిక అన్నీ సమకూరాలి. పియానోకు ఒక లారీ చాలు. వాయించేవారికి ఒక రైలు టికెట్ చాలు. కథలు ఊరూరా తిరిగింది ఈ లెక్కతోనే. భారతమంతా ఒక తంబురాలో ఇమిడింది కాబట్టే ఛత్తీస్‌గఢ్ పల్లెలకు నడిచి వెళ్లగలిగింది.

ఒంటరిగా మోయడానికి ఒక ధర కూడా ఉంటుంది. 13 ఏళ్లకే తొలి ప్రదర్శన ఇచ్చిన తీజన్ బాయి, ఆడవాళ్లు కూర్చునే పాడాలన్న ఆచారాన్ని కాదని మగవారి కాపాలిక శైలిలో నిలబడి పాడారు. అందుకు కులం నుంచి వెలి పడ్డారు. గుడిసె వేసుకుని ఒంటరిగా బతికారు గానీ పాట మానలేదు. ఆ తర్వాతే భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, విదేశీ వేదికలు, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి.

లిస్ట్ ప్రతులకు కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ఇంటర్నెట్ నుంచి ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. ఇక కావలసింది బాగా శ్రుతి చేసిన ఒక పియానో, కొన్నేళ్ల సాధన, జారిపోయే ఆ పొడుగు స్వరాన్ని తమ చెవుల్లో నిలుపుకునే కొందరు శ్రోతలు. తంబురాను గదగా చూడటం తెలిసిన ఊరికి ఆ చివరిది నేర్పనక్కర్లేదు.