ప్లాస్టిక్ వానపాము

సావనీరుకి ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం వారు అడిగితే, ఏం రాయాలో తోచక నాలుగు రోజులు ఊరుకున్నాను. అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థి అనగానే కంప్యూటర్ల గురించో వీసాల గురించో రాస్తాడని అందరూ అనుకుంటారు. ఆ రెండింటి గురించీ నాకంటే మీకే ఎక్కువ తెలుసు. పదకొండేళ్ళుగా శనివారాలన్నీ ధారపోసి నేను నేర్చుకున్న విద్య ఒక్కటే: మెత్తని ప్లాస్టిక్ ఎరతో బాస్ చేపను పట్టడం. 1986లో మన కెమిస్ట్రీ బ్లాకులోంచి ఎమ్మెస్సీ పట్టా పుచ్చుకుని బయటపడ్డవాడు చివరికి గాలం పట్టుకున్నాడా అని మా మాస్టార్లు నవ్వుకుంటారు కాబోలు. నవ్వనివ్వండి. ఆ ఎమ్మెస్సీ ఉద్యోగంలో ఎంత అక్కరకొచ్చిందో చెప్పలేను గాని, ఎరల పెట్టె దగ్గర మాత్రం బాగా పనికొచ్చింది. అదీ ఆలస్యంగా.

మేముండేది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరానికి ఉత్తరాన. అక్కడ చట్టహూచీ నదికి అడ్డంగా కట్టిన బ్యూఫర్డ్ ఆనకట్ట 1956లో పూర్తయింది. దాని వెనక నిలిచిన నీరే లేనియర్ సరస్సు, 38 వేల ఎకరాలు. చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగువాళ్ళకు కొదవలేదు గనక ఎండాకాలం ఆదివారాలు గట్టున పులిహోర వాసన కూడా తగులుతుంది. సరస్సులో మాత్రం పేరున్నది బాస్. మన కొరమేనులాగా ఇదీ పొంచి ఉండి వేటాడి తినే చేప. లేనియర్‌లో ఎక్కువగా దొరికేది స్పాటెడ్ బాస్ అనే రకం. పడవలు ఎక్కువ, గాలాలు ఎక్కువ, నీరు చాలాచోట్ల అద్దంలా ఉంటుంది. అంచేత అక్కడి చేప బాగా చదువుకున్న చేప. పెద్ద ఎర, లావు దారం, చప్పుడు చేసే తగరపు రేకు వగైరాలు చూస్తే పక్కకు తప్పుకుంటుంది.

అటువంటి చేప కోసం పుట్టిన పద్ధతిని ఫినెస్ అంటారు. సన్నటి దారం (6 నుంచి 8 పౌన్ల బరువు ఆపేది), చిన్న గాలం, రెండు మూడు గ్రాముల సీసం, వేలెడు ఎర. కదిలించడం కూడా అంతంతమాత్రమే. పెళ్ళి భోజనం చేసి మంచం మీద వాలినవాడికి మళ్ళీ విస్తరి వేస్తే లేస్తాడా? లేవడు. కాని పక్కన తమలపాకు చిలక ఒకటి పెట్టి చూడండి, చెయ్యి దానంతట అదే పోతుంది. ఫినెస్ ఎర ఆ చిలక లాంటిదన్నమాట. ఆకలిగా ఉన్న చేపకు ఇదంతా అక్కర్లేదు, ఏది వేసినా తింటుంది.

చిన్నప్పుడు మా ఊరి చెరువులో మేము వేసింది అసలు వానపామే. గట్టున తవ్వితే దొరికేది, బతికున్నది గనక మెలికలు తిరిగే పని అదే చూసుకునేది, మన పనల్లా బెండు మునుగుతోందా లేదా అని చూడ్డమే. అమెరికాలో ఆ వానపామును ప్లాస్టిక్‌లో తీసినవాడు నిక్ క్రీమ్. ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో ఉండేవాడు. 1949లో ఇంట్లో వంటగదిలో కాచి అచ్చు పోశాడు. అప్పటినుంచి ఈ ప్లాస్టిక్ పురుగులు వేల రకాలై కూర్చున్నాయి. ఎరల దుకాణానికి వెళితే మన గాజుల కొట్టే. గోడనిండా ప్యాకెట్లు, వంద రంగులు, అందులో మెరుపు చుక్కలున్నవీ లేనివీ. మొదటి రెండేళ్ళూ నేను గాజులు కొన్నట్టే కొన్నాను. రంగు చూసి.

మా పక్కింట్లో రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన ఉండేవాడు. నా పెట్టె తెరిచి చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ బకెట్టు నిండా నీళ్ళు తెచ్చాడు. నా ఎరలు ఒక్కొక్కటే అందులో వదిలాడు. ఒకటి రాయిలా దిగింది. ఒకటి పడుకున్నట్టే అడ్డంగా, రెండు కొసలూ వణుకుతూ నెమ్మదిగా దిగింది. ఒకటి తేలింది. “రంగు ఆఖరున చూడు. ముందు ఇది చూడు” అన్నాడు. రెండేళ్ళలో నేను కొన్న పుస్తకాలన్నిటికంటే ఆ బకెట్టు ఎక్కువ చెప్పింది.

ఎందుకట్లా అని ఆలోచిస్తే జవాబు మన సబ్జెక్టులోనే ఉంది. సాధారణంగా ఈ ఎరలు పాలీ వినైల్ క్లోరైడ్‌తో చేస్తారు. అది మామూలుగా గట్టి పదార్థం, నీళ్ళ పైపులు చేసేది దాంతోనే. దాని పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో కలిపి సుమారు 175 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడి చేస్తే, తెల్లటి పాలలాంటి ఆ మిశ్రమం పాకంలా తేటపడుతుంది. అచ్చులో పోసి చల్లారిస్తే జెల్లీలాంటి ఎర వస్తుంది. పొడవాటి అణువుల గొలుసుల మధ్య ప్లాస్టిసైజర్ దూరి వాటిని ఒకదానిమీద ఒకటి జారనిస్తుంది, మెత్తదనమంతా అదే. ద్రవం ఎక్కువ పోస్తే ఎర ఇంకా మెత్తన, ఇంకా జీవంగా ఆడుతుంది, ఇంకా త్వరగా చిరుగుతుంది. దానికి ఉప్పు కలుపుతారు. చేపకు ఆ రుచి ఇష్టమని కొందరంటారు, అది చేపకే తెలియాలి. మనకు లెక్కకు అందేది బరువు: ఉప్పు సాంద్రత నీటికి రెండింతల పైన. సీసం అక్కర్లేకుండానే ఎర మునుగుతుంది.

ఇంకో జాతి కూడా ఉంది, థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్. సాగదీస్తే గజం సాగుతుంది, తెగదు, ఒక్కదాంతో రోజంతా చేపలు పట్టవచ్చు. ఉప్పు కలపకపోతే నీళ్ళలో తేలుతుంది. ఇది కొత్తగా కొన్నప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. చక్కగా సర్దుకుందామని పాత వానపాములతో కలిపి ఒకే పెట్టెలో వేసి, కారు డిక్కీలో వారం ఉంచాను. తీసి చూస్తే అన్నీ కలిసి ఎండకు కరిగిన మామిడి తాండ్ర ముద్దలా ఉన్నాయి. పెట్టె అడుగు కూడా మెత్తబడింది. మీ జామెట్రీ బాక్సులో రబ్బరు వెళ్ళి ప్లాస్టిక్ స్కేలుకు అంటుకుపోవడం చూశారా? అదే ఇది. ఆ రబ్బరులోంచి ప్లాస్టిసైజర్ మెల్లగా స్కేలులోకి వలసపోయి దాన్ని కరిగిస్తుంది. ఇంటరు కుర్రాడికి చెప్పగల విషయం ఎమ్మెస్సీ చదివినవాడికి తోచకపోయింది. అప్పటినుంచి రెండు జాతులనూ వేరువేరుగా, వాటి సొంత ప్యాకెట్లలోనే ఉంచుతున్నాను.

ఇహ దేన్ని ఎప్పుడు వెయ్యాలన్నది. ఇక్కడ బాస్ తినే తీరు ఒక్కటి తెలియాలి. అది కొరకదు, పీలుస్తుంది. నోరు ఒక్కసారిగా తెరిచేసరికి లోపలికి నీళ్ళు దూకుతాయి, ఎర వాటితో పోతుంది. నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తుంది, ఒడ్డున ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. గట్టి కొయ్య ఎరను వెంటనే ఉమ్మవచ్చు. మెత్తగా, ఉప్పగా ఉన్నదాన్ని ఇంకాసేపు నోట్లో ఉంచుకుంటుంది. ఆ ‘ఇంకాసేపు’ కోసమే మనం డబ్బు పెడుతున్నాం.

గాలి లేని ఉదయం, పది పదిహేను అడుగుల లోతులో, పడవల రేవుల నీడన అయితే నేను తీసేది ఉప్పు పట్టించిన కర్ర ఎర, 4 లేక 5 అంగుళాలది. దీనికి కాళ్ళూ తోకా ఏమీ ఉండవు, చూడ్డానికి సుద్దముక్క. 1990లలో గ్యారీ యమమోటో సెంకో పేరుతో తెచ్చినది ఈ కోవకు పెద్దన్న. సీసం లేకుండా నడుములో గాలం గుచ్చి వదిలితే రెండు కొసలూ కావడిబద్దలా ఊగుతూ దిగుతుంది. దీన్ని వాకీ రిగ్ అంటారు. నడుము త్వరగా చిరుగుతుంది గనక చిన్న రబ్బరు రింగు తొడిగి దాని కింద గాలం దూర్చడం పొదుపు. దించడమే పని, ఆడించడం కాదు. చేప కూడా దిగేటప్పుడే పట్టుకుంటుంది.

రాళ్ళ గట్టు దగ్గర, చలిగాలి వచ్చి చేపలు ముడుచుకున్న రోజున కాన్సస్ పద్ధతి బాగుంటుంది. నెడ్ కేడీ అనే పత్రికా రచయిత పేరు మీద దీన్ని నెడ్ రిగ్ అంటారు. పుట్టగొడుగు ఆకారపు చిన్న సీసపు తల, దానికి తేలే జాతి ఎర రెండున్నర, మూడు అంగుళాల ముక్క. తల అడుగున కూర్చుంటే ఎర తోక పైకి నిలబడుతుంది, మట్టిలో ఏదో గెలుకుతున్న చిరుప్రాణి లాగా. మునిగే ప్లాస్టిక్ పెడితే అది పక్కకు పడిపోతుంది. ఆకారం అదే, రంగు అదే, పదార్థం మారేసరికి ఎర చచ్చిపోయింది. బకెట్టు చెప్పేది ఇదే.

ఎండాకాలం చేపలు ముప్పై నలభై అడుగుల కిందికి, మునిగిన పాత చెట్ల మొదళ్ళ దగ్గరికి పోతాయి. అప్పుడు సీసం దారం చివర, గాలం దానికి అడుగున్నర పైన. జపానునుంచి వచ్చిన ఈ పద్ధతి పేరు డ్రాప్‌షాట్. దీనికి సన్నటి తోక ఉన్న, మహా మెత్తటి పురుగే కావాలి, ఎందుకంటే నిలిచిన చోటనే చిన్న వణుకుకు ఆడాలి.

రంగు సంగతి మూడు ముక్కల్లో చెప్తాను. తేట నీటికి నాచు రంగు, గుమ్మడి గోధుమ రంగు. బురద నీటికి నలుపు. బాస్ కంట్లో రంగు చూసే కణాలు రెండే రకాలు, ఎరుపుకూ ఆకుపచ్చకూ. నలుపూ ముదురు నీలమూ దానికి విడివిడిగా తోచవు. కాబట్టి ఆ రెండింటి మధ్య దుకాణంలో అరగంట నిలబడి తేల్చుకునేది చేప కోసం కాదు.

చెప్పక తప్పని విషయం ఒకటుంది. నేను పట్టిన చేపల్ని వదిలేస్తాను. ఇక్కడ చాలామంది చేసేది అదే. ఊళ్ళో మా అమ్మకు ఫోన్‌లో ఈ సంగతి చెప్పిన రోజు, “వదిలెయ్యడానికే అయితే పట్టడమెందుకురా? పోనీ తినడానికన్నా కాదు, దాని నోరు చించడానికా?” అంది. ఏదో సర్దిచెప్పాను.

మూడేళ్ళ కిందట మార్చి నెలలో, బాగా గాలిగా ఉన్న రోజున, ఉప్పు కర్ర ఎర వేశాను. గాలికి దారం విల్లులా వంగిపోయి కొసన ఏం జరుగుతోందో చేతికి తెలియలేదు. తెలిసి లాగేసరికి చేప గాలాన్ని గొంతులోకి మింగేసింది. పదహారు అంగుళాల స్పాటెడ్ బాస్. గాలం తియ్యబోయి మొప్పల దగ్గర గాయం చేశాను. నెత్తురు ఆగలేదు. నీళ్ళలో పట్టుకుని ఎంతసేపు ఆడించినా తిరగబడి పోయింది. ఎర తప్పు ఏమీ లేదు, అది చెయ్యవలసిన పని సరిగ్గా చేసింది, చేపచేత ‘ఇంకాసేపు’ ఉంచుకునేట్టు చేసింది. ఆ ‘ఇంకాసేపు’ను చూసుకోవలసినవాణ్ణి నేను, ఆ రోజు చూడలేనని ముందే తెలుసుకోవాల్సింది. చేపను ఇంటికి తెచ్చాను. మా ఆవిడ పులుసు పెట్టింది. బాగానే ఉంది, రెండో ముద్ద తినలేకపోయాను. అమ్మకు చెప్పాను. ఈసారి ఆవిడ ఏమీ అనలేదు.

అప్పటినుంచి ఎర ఎంచడంలో నేను అడిగే మొదటి ప్రశ్న మారింది. చేప దీన్ని పట్టిందని నాకెంత త్వరగా తెలుస్తుంది? దారం కనబడుతుంటే, గాలి లేకపోతే, సీసం లేని ఉప్పు కర్ర. దారం కనబడని రోజున అది పెట్టెలోంచి బయటికి రాదు. సీసపు తలకే గుచ్చిన నెడ్ ముక్కో, కింద బరువు వేలాడి దారం బిగువుగా ఉండే డ్రాప్‌షాటో వేస్తాను, చేప తాకగానే చేతికి తెలుస్తుంది, గాలం చాలావరకు పెదవికే తగులుతుంది. గాలం ముల్లును పటకారుతో నొక్కేస్తాను. అయినా గొంతులో దిగితే పెకలించను, దారం దగ్గరగా కత్తిరించి వదిలేస్తాను. బతికే అవకాశం అట్లానే ఎక్కువ. చిరిగిన ముక్కల్ని నీళ్ళలో పారెయ్యను, అవి మింగిన చేపకు అరగవు. జేబులో ఒక పాత ఆవకాయ సీసా ఉంటుంది, అందులో వేస్తాను.

పోయిన వేసవిలో మా అన్నయ్య మనవడు సెలవులకు వచ్చాడు, తొమ్మిదేళ్ళవాడు. ఈ రాష్ట్రంలో పదహారు నిండినవాళ్ళకే లైసెన్సు కావాలి గనక వాడికి అక్కర్లేదు. దుకాణానికి తీసుకెళితే సరాసరి వెళ్ళి మెరుపు చుక్కల ఊదారంగు ప్యాకెట్టు పట్టుకున్నాడు. కొనిచ్చాను. ఇంటికొచ్చాక బకెట్టులో నీళ్ళు పోసి, ఒకటి వెయ్యరా అన్నాను. వాడు వేసి, వంగి చూసి, “తాతయ్యా, ఇది నిద్రపోతోంది” అన్నాడు. ఇంకో ప్యాకెట్టు విప్పాం.