సీరం అమైలేజ్ పరీక్ష - ప్రామాణీకరణ

అమైలేజ్ పిండిపదార్థాన్ని చిన్న చక్కెరలుగా విడగొట్టే ఎంజైము. ఇది క్లోమంలోను, లాలాజల గ్రంథులలోను తయారవుతుంది. క్లోమానికి హఠాత్తుగా వాపు వచ్చినపుడు (తీవ్ర క్లోమశోథ) రక్తంలో దీని చురుకుదనం కొద్ది గంటలలోనే పెరుగుతుంది. అందువలన తీవ్రమైన కడుపునొప్పితో వచ్చిన రోగికి ఈ పరీక్ష చేయిస్తారు.

చక్కెరను తూకంలో చెప్పినట్లు అమైలేజ్‌ను చెప్పరు; అది ఎంత వేగంగా పని చేస్తున్నదో కొలుస్తారు. ఆ వేగం ఉష్ణోగ్రత, ఆమ్లత్వం, దానికి అందించిన పదార్థం అనే వాటిపై ఆధారపడి ఉంటుంది. కనుక పద్ధతి మారితే అంకె కూడా మారుతుంది. ఉదాహరణకు ఒకే రోగికి నాచారంలోని ఒక ప్రయోగశాలలోను, ఉప్పల్‌లోని మరొక దానిలోను లీటరుకు 250 యూనిట్లు వచ్చిందనుకుందాం. మొదటి దానిలో సాధారణ గరిష్ఠ పరిమితి 80, రెండవ దానిలో 110. గరిష్ఠ పరిమితికి కనీసం మూడు రెట్లు ఉండాలన్నది 2012లో సవరించిన అట్లాంటా ప్రమాణాలలో ఒకటి. దీని ప్రకారం మొదటి ఫలితం క్లోమశోథను సూచిస్తుంది, రెండవది సూచించదు. పరిమితిని చూడకుండా అంకెను మాత్రమే చదవడం ప్రమాదకరం.

కొలతల చరిత్ర

1908లో వోల్గెమట్ పిండిపదార్థం, అయోడిన్ సహాయంతో ఒక పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1938లో సోమోగ్యి పేరు మీద వచ్చిన యూనిట్ చాలా కాలం వాడుకలో ఉంది. ఒక సోమోగ్యి యూనిట్ లీటరుకు సుమారు 1.85 అంతర్జాతీయ యూనిట్లకు సమానమని పుస్తకాలలో ఉంటుంది. అయితే రెండు పద్ధతులూ వేరు కనుక ఈ మార్పిడి ఉజ్జాయింపు మాత్రమే. ఒక నిమిషంలో ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చే చురుకుదనమే ఒక అంతర్జాతీయ యూనిట్.

అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య (ఐఎఫ్‌సీసీ) 2006లో 37 డిగ్రీల సెల్సియస్ వద్ద చేసే ప్రాథమిక ప్రామాణిక విధానాన్ని ప్రచురించింది. ఇందులో ఏడు గ్లూకోజ్ అణువుల గొలుసు చివర పారానైట్రోఫినాల్ అతికించి ఉంటుంది. గొలుసు తెగి, మరొక ఎంజైము మిగిలిన పని పూర్తిచేసినపుడు పసుపు రంగు విడుదలవుతుంది. ఆ రంగు ఎంత వేగంగా పెరుగుతున్నదో 405 నానోమీటర్ల వద్ద చూస్తారు. ఈ విధానంతో విలువ కట్టిన ప్రామాణిక పదార్థం, దానితో సరిచూసిన తయారీదారు కాలిబ్రేటరు, చివరకు ప్రయోగశాల యంత్రం, ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉంటేనే రెండు చోట్ల అంకెలను పోల్చవచ్చు. భారతదేశంలో వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కళాశాల నడిపే బాహ్య నాణ్యతా పథకంలో చేరిన ప్రయోగశాలలు తమ ఫలితాలను ఇతరుల ఫలితాలతో సరిచూసుకుంటాయి.

పొరపాట్లు

అమైలేజ్‌కు కాల్షియం అవసరం. కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ గొట్టంలో రక్తం తీస్తే విలువ తప్పుగా తగ్గుతుంది. ట్రైగ్లిసరైడ్లు విపరీతంగా ఉన్నా తగ్గవచ్చు. గవదబిళ్ళలలో క్లోమం బాగున్నా విలువ పెరుగుతుంది. పిపెట్టును నోటితో పీల్చే పాత అలవాటులో లాలాజలం కలిసి ఫలితం పాడవడం కూడా ఉండేది.

హైదరాబాదు పరిశోధన

ఎంత ప్రామాణీకరించినా ఈ పరీక్ష చెప్పలేని వ్యాధి ఒకటి దక్షిణ భారతదేశంలో కనిపిస్తుంది. అది ఉష్ణమండల దీర్ఘకాలిక క్లోమశోథ. దీనిలో యువకులకు క్లోమంలో రాళ్ళు, ఆ తరువాత మధుమేహం వస్తాయి. గ్రంథి క్షీణించినందున అమైలేజ్ సాధారణంగానే ఉండవచ్చు. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ, నగరంలోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పరిశోధకులు 2002లో ఈ వ్యాధికి స్పింక్1 జన్యువులోని మార్పులతో సంబంధం ఉందని చూపారు. ఈ జన్యువు క్లోమంలోనే ట్రిప్సిన్‌ను అదుపు చేసే ప్రోటీనును తయారు చేయిస్తుంది.