పక్క దేశంలో ఆడితే ఇంటర్నేషనలేనా?

కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ తిరిగే పోస్టర్ ఒకటుంది. పైన రెండు దేశాల జెండాలు, మధ్యలో బంతి. 'ఇండో-నేపాల్' అనో 'ఇండో-భూటాన్' అనో మొదలయ్యే పెద్ద పేరు. కింద ఎంట్రీ ఫీజు, ఫోన్‌పే నంబరు. సెలక్షన్స్ అంటూ ఏమీ ఉండవు. డబ్బు కడితే జెర్సీ, రైలు టికెట్, మెడతో పాటు 'ఇంటర్నేషనల్ ప్లేయర్' అని ముద్రించిన సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో స్పోర్ట్స్ కోటాలో జాబ్ ఖాయమని చెబుతారు. అసలు చిక్కంతా ఈ ఆఖరి మాటతోనే. నరసరావుపేటలో డిగ్రీయో బీటెకో చదివే కుర్రాడు మిర్చి అమ్మగా వచ్చిన డబ్బుల్లోంచి నాన్నను అడిగి మరీ ఈ ఫీజు కట్టాల్సి వస్తుంది. కాబట్టి పొరుగు దేశాల మధ్య జరిగే యూత్ టోర్నీల్లో ఏది అసలుదో, ఏ కాగితం కొలువు దాకా పనికొస్తుందో ముందే తెలుసుకోవాలి.

మన చుట్టుపక్కల దేశాలకు అసలైన వేదిక దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య. పొట్టిగా 'శాఫ్' అంటారు. 1997లో పుట్టింది. భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, భూటాన్, మాల్దీవులు ఇందులో సభ్యులు. అబ్బాయిలకూ అమ్మాయిలకూ అండర్-17, అండర్-19 లాంటి వయసు విభాగాల్లో చాంపియన్‌షిప్‌లు నడుపుతుంది. 2025 మేలో అరుణాచల్‌ప్రదేశ్‌లోని యుపియాలో అండర్-19 ఫైనల్ జరిగింది. మన కుర్రాళ్లు బంగ్లాదేశ్‌తో 1-1తో సమంగా నిలిచి, పెనాల్టీల్లో 4-3తో గెలిచారు. అదే ఏడాది సెప్టెంబరులో కొలంబోలో అండర్-17 ఫైనల్. మళ్లీ బంగ్లాదేశే ఎదురు, మళ్లీ పెనాల్టీలే. 2-2 తర్వాత 4-1తో కప్పు మనదైంది.

ఈ జట్లలోకి ఫీజు కట్టి వెళ్లినవాళ్లు ఒక్కరూ ఉండరు. రాష్ట్ర జట్టుకు ఆడి, జాతీయ టోర్నీల్లోనో అకాడమీల్లోనో కోచ్‌ల కంట పడినవాళ్లను అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) క్యాంపుకు పిలుస్తుంది. వడపోత అయ్యాకే జట్టు. తెలుగు నేల మీద నుంచి ఆ దారిన వెళ్లినవాళ్లు లేకపోలేదు. 1974లో బ్యాంకాక్‌లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న భారత జట్టుకు కెప్టెన్ హైదరాబాద్‌కు చెందిన షబ్బీర్ అలీ. మన కాలంలో చూస్తే నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్లింది, 2024-25కు ఏఐఎఫ్ఎఫ్ ఉత్తమ మహిళా ప్లేయర్‌గా ఎంపికైంది. అయితే ఇరవై ఏళ్లకు బూట్లు కొనుక్కుని ఇండియా జెర్సీ వేసుకుంటానంటే కుదరదు. ఆ పని పదేళ్ల వయసులో మొదలవ్వాలి. ఈ మాట చెప్పకుండా ఆశ పెట్టేవాళ్లను నమ్మకండి.

ఏ కాగితానికి ఎంత విలువ?

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో స్పోర్ట్స్ కోటాకు నాలుగు రకాల ఫారాలు ముఖ్యం. దేశానికి ఆడితే ఫారం-1, జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకంతో. రాష్ట్రానికి ఆడితే ఫారం-2. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ఆడితే ఫారం-3. జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర స్కూల్ జట్టుకు ఆడితే ఫారం-4. మొదటి ప్రాధాన్యం దేశానికి ఆడినవాళ్లకే. కానీ ఆ పోటీకి కేంద్ర క్రీడా శాఖ అనుమతి ఉండాలని నిబంధన. పోస్టర్ టోర్నీల కథ ఇక్కడే తేలిపోతుంది. మెడ ఎంత మెరిసినా ఏఐఎఫ్ఎఫ్ సంతకం లేని కాగితం ఫారం-1 కాదు. సర్టిఫికెట్ల పరిశీలనలో దాన్ని పక్కన పెట్టేస్తారు, కట్టిన ఫీజు మాత్రం తిరిగి రాదు.

రాష్ట్రంలో కూడా ఈ కోటా ఇప్పుడు చిన్నదేం కాదు. కొత్త క్రీడా విధానంతో ఆంధ్రప్రదేశ్ దీన్ని 2 నుంచి 3 శాతానికి పెంచింది. పోటీ పెరిగినప్పుడు కాగితాల వడపోత కూడా గట్టిగానే ఉంటుంది.

మరి పేటలో చదివే మీకు అందే దారి ఏది? ఫారం-3. ఆచార్య నాగార్జున యూనివర్సిటీ అంతర్ కళాశాల పోటీలు పెడుతుంది, అందులోంచి యూనివర్సిటీ జట్టును ఎంచుతారు, ఆ జట్టు సౌత్‌జోన్‌కు వెళ్తుంది. ఊళ్లో అందరూ క్రికెట్ బ్యాటే పడతారు కాబట్టి ఫుట్‌బాల్ ట్రయల్స్‌కు వచ్చేవాళ్లు తక్కువ. ఓపిగ్గా రోజూ గ్రౌండ్‌కు వెళ్లేవాడికి అది కలిసొచ్చే విషయమే. మీ పీడీ సార్‌ను ఒక్క మాట అడిగితే తేదీలు తెలుస్తాయి.

విజిల్ ఊదే ఉద్యోగం

ఆడటం రాకున్నా ఆటలో ఉండొచ్చు. 2024 ఫిబ్రవరి 8న ఢాకాలో శాఫ్ అండర్-19 అమ్మాయిల ఫైనల్ జరిగింది. ఇండియా, బంగ్లాదేశ్ 1-1. పెనాల్టీలు మొదలయ్యాయి. గోల్‌కీపర్లతో సహా ఇరవై రెండు మందీ గోల్ కొట్టేశారు, 11-11. రెండో విడత కిక్కులు మొదలవ్వాలి. మ్యాచ్ కమిషనర్ మాత్రం టాస్ వేయమన్నారు. టాస్ ఇండియా గెలిచింది, మనవాళ్లు సంబరాలు చేసుకున్నారు. బంగ్లాదేశ్ జట్టు కదల్లేదు. స్టాండ్స్‌లోంచి సీసాలు పడ్డాయి. కమిషనర్ మాట మార్చి మళ్లీ కిక్కులన్నారు, మన జట్టు మైదానం వదిలేసింది. చాలాసేపు తర్జనభర్జనల తర్వాత ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు.

ఫుట్‌బాల్ నిబంధనలు మొత్తం 17. పదోదాంట్లో విషయం స్పష్టంగా ఉంది. అందరూ ఒక్కో కిక్కు కొట్టినా తేలకపోతే మళ్లీ మొదలుపెట్టాలి, తేలేదాకా. టాస్‌తో విజేతను తేల్చడం పాత ముచ్చట. 1968 యూరో సెమీస్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ల మధ్య అలాగే తేల్చారు. 1970లో షూటౌట్ నిబంధనల్లోకి వచ్చాక ఆ అవసరం పోయింది. ఒక్క పేరా గుర్తులేక ఫైనల్ అలా అయింది. నిబంధన నోటికి వచ్చిన మనిషి విలువ ఎంతో ఆ రాత్రి రెండు దేశాలకూ తెలిసింది.

ఆ మనిషి మీరెందుకు కాకూడదు? రిఫరీ కావాలంటే రాష్ట్ర సంఘం ద్వారా రాతపరీక్ష, ఫిట్‌నెస్ టెస్ట్ దాటాలి. జిల్లా మ్యాచ్‌లతో మొదలై మెట్లెక్కాలి. ఫిఫా జాబితాలోకి చేరే రిఫరీకి కనీస వయసు 25 ఏళ్లు, కాబట్టి ఇరవైలో మొదలుపెట్టినా ఆలస్యమేం కాదు. తొలినాళ్లలో దొరికేది మ్యాచ్ ఫీజే. దాంతో ఇల్లు గడవదు, చేతిలో ఇంకో పని ఉండాలి. కోచింగ్ వైపు మనసుంటే ఏఐఎఫ్ఎఫ్ డి లైసెన్స్ తొలి మెట్టు, ఆపై సి, బి, ఎ. నెలజీతం కావాలనుకునేవాళ్లకు ఏపీ పీఈసెట్ రాసి బీపీఈడీ చేయడం నమ్మకమైన బాట. పీఈటీ పోస్టుకు అడిగేది ఆ చదువునే. రిఫరీ బ్యాడ్జి, లైసెన్స్ దానికి తోడు ఉంటే ప్రైవేటు స్కూళ్లలోనూ అడిగి తీసుకుంటారు.

ఒక్క జాగ్రత్త. యూనివర్సిటీకి ఆడినవాళ్లు ఫారం-3 మీద క్రీడా విభాగం బాధ్యుల సంతకం కాలేజీలో ఉండగానే తీసుకోండి. జట్టు జాబితా, పోటీ తేదీలు, సాధించిన స్థానం కాపీలు దాచుకోండి. నాలుగేళ్ల తర్వాత నోటిఫికేషన్ పడ్డాక వెళ్తే ఆ పాత ఫైలు ఎక్కడుందో వెతికిపెట్టే తీరిక ఎవరికీ ఉండదు.