పాత క్యాలెండర్, ఖాళీ డబ్బాలతో పిల్లల లాంతర్లు: తయారీ ఎలా? జాగ్రత్తలేమిటి?

దీపావళి వచ్చిందంటే మహారాష్ట్రలో ఇళ్ల ముంగిట ‘ఆకాశ్ కందిల్’ వేలాడుతుంది. శ్రీలంకలో వైశాఖ పూర్ణిమకు వీధులన్నీ ‘వెసక్ కూడు’ లాంతర్లతో వెలుగుతాయి. తెలుగునాట కార్తిక మాసంలో ఆలయాల ధ్వజస్తంభాలపై ఆకాశదీపం వెలిగించే ఆచారం ఉంది. కందిల్‌కైనా, వెసక్ లాంతరుకైనా సంప్రదాయ రూపం ఒక్కటే: వెదురు బద్దల చట్రం, దానిపై వెలుతురును ఆపని పలుచని రంగు కాగితం. పెద్దల పక్కన కూర్చుని పిల్లలు నేర్చుకోదగిన ఈ పనికి అంగడి సరకు అవసరం లేదు. ఇంట్లో పారవేసే వస్తువులే చాలు.

అలంకరణకు వాడే థర్మోకోల్‌పై దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధం అమలులో ఉంది. అందువల్ల కాగితం, అట్ట వంటివే తగిన ముడిసరకు.

క్యాలెండర్ పుటతో

గడువు తీరిన క్యాలెండర్ పుటను పొడవాటి అంచులు కలిసేలా సగానికి మడవాలి. మడత వైపు నుంచి అంచు దిశగా వేలెడు ఎడంతో వరుసగా కత్తిరించాలి. అంచుకు రెండు సెంటీమీటర్ల ముందే కత్తెర ఆపాలి. మడత విప్పి, కోతలు నిలువుగా ఉండేలా గొట్టంలా చుట్టి, మైదా ఉడికించిన బంకతో అతికించాలి. పైనుంచి మెల్లగా నొక్కితే కాగితపు బద్దలు బయటకు ఉబ్బి లాంతరు ఆకారం వస్తుంది. పాత పెళ్లిపత్రికను సన్నగా కత్తిరించి పట్టుకొనే పిడిగా అమర్చవచ్చు.

అట్టపెట్టెతో

చిన్న అట్టపెట్టె నాలుగు వైపులా కిటికీలు కోయాలి. కత్తితో చేసే ఈ పని పెద్దలదే. లోపలి వైపు నుంచి వార్తాపత్రిక ముక్కలను అతికించాలి. బంక ఆరాక, కాగితంపై దూదితో కొద్దిగా వంటనూనె అద్దితే అది పాక్షికంగా పారదర్శకమవుతుంది. కాగితపు నారల మధ్య గాలి ఉంటుంది. వెలుతురు నార నుంచి గాలిలోకి, గాలి నుంచి నారలోకి మారే ప్రతిచోటా చెదిరిపోతుంది. ఆ ఖాళీలను నూనె నింపినప్పుడు చెదరడం తగ్గి, ఎక్కువ వెలుతురు బయటకు వస్తుంది.

దీపం ఏది?

అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. కొవ్వొత్తి మంట ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది. కాగితం అంటుకోవడానికి అందులో నాలుగో వంతు వేడి కూడా అవసరం లేదు. పిల్లలు చేతపట్టి తిరిగే లాంతరు ఊగుతుంది, వాలుతుంది. నూనె అద్దిన కాగితమైతే ముప్పు మరింత ఎక్కువ. కాబట్టి ఈ లాంతర్లలో నిప్పు పెట్టరాదు. చిన్న ఎల్‌ఈడీ దీపం వాడాలి. తెల్లని ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్స్ రెండింటిని వరుసగా కలిపితే అది సమకూరుతుంది.

నాణెం ఆకారపు చిన్న సెల్‌తో వెలిగే దీపాలను మాత్రం పసిపిల్లలకు అందనీయరాదు. సుమారు 20 మిల్లీమీటర్ల లిథియం సెల్‌ను మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం చేయగలదు. మింగినట్లు అనుమానం కలిగినా వాంతి చేయించే ప్రయత్నం మాని, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. లక్షణాలు కనిపించేదాకా వేచి చూడటం ప్రమాదకరం. సెల్స్ అమర్చే అరకు స్క్రూతో బిగించే మూత ఉన్న దీపాలనే ఎంచుకోవడం మేలు.

పండుగ ముగిశాక దీపాన్ని, సెల్స్‌ను విడదీసి భద్రపరిస్తే మరుసటి ఏడాదికి పనికివస్తాయి. శుభ్రమైన కాగితాన్ని, అట్టను పాత కాగితాలు కొనేవారికి ఇవ్వవచ్చు. నూనె అంటిన కాగితాన్ని వాటితో కలపకూడదు. అది పునర్వినియోగానికి పనికిరాదు.