పొలంలో జారిన బంగారానికి ఏ డిటెక్టర్?

మిరపకోతల్లో, పత్తితీతల్లో కమ్మో ఉంగరమో పుస్తెలతాడో జారిపోతే మెటల్ డిటెక్టర్‌తో వెతికి పట్టుకునే వీలుంది. ఏ యంత్రం కొనాలో తేల్చుకోవాలంటే ముందు మూడు సంగతులు చూసుకోవాలి: పోయిన నగ ఏది, అది పడిన నేల ఎలాంటిది, ఆ నేలలో ఇంకా ఏ లోహపు చెత్త ఉంది.

డిటెక్టర్ అడుగున పళ్లెంలా ఉండే కాయిల్‌లో రాగితీగ చుట్టలు ఉంటాయి. వాటిలో పారే విద్యుత్తు చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అందులోకి లోహం వస్తే, ఆ లోహంలో పుట్టే సన్నని ప్రవాహాలను కాయిల్ పసిగడుతుంది, యంత్రం చప్పుడు చేస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా కోసం అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఈ సూత్రంతోనే వెతికారు. తూటా దొరకలేదు. మంచంలోని లోహపు స్ప్రింగులు అందుకు ఒక కారణమని చెబుతారు. వెతికే మనిషి చేతి గాజులు, జేబులో ఫోను, పక్కన పెట్టిన పార ఇప్పటికీ అలాగే అడ్డుపడతాయి.

ఇది బంగారమేనని తేల్చి చెప్పే డిటెక్టర్ లేదు. లోహం రకం, పరిమాణం, ఆకారం కలిసి తెరమీద ఒక అంకెగా కనిపిస్తాయి. సన్నని ఉంగరానికి వచ్చే అంకె, పురుగుమందు డబ్బా మూతి మీది అల్యూమినియం సీలుకో మాత్రల స్ట్రిప్ ముక్కకో కూడా రావచ్చు. రేకుల గోల పడలేక ఆ అంకెలను వినిపించకుండా చేస్తే ఉంగరమూ వాటితోపాటే తప్పిపోతుంది. ఇనుమును మాత్రం వదిలేసి, మిగిలిన ప్రతి చప్పుడునూ తవ్వి చూడాల్సిందే.

కాయిల్‌లో విద్యుత్తు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే ఫ్రీక్వెన్సీని నగను బట్టి ఎంచుకోవాలి. తెగని వలయం కాబట్టి ఉంగరం గట్టిగా పలుకుతుంది. సన్నని గొలుసులో ఒక్కో లంకె విడిగా లెక్కకు వస్తుంది గనక చప్పుడు బలహీనం. తాడుకంటే పుస్తెలే ముందు పలికే అవకాశం ఎక్కువ. వీఎల్ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) రకం యంత్రాల్లో 15 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేసేవి ఉంగరాలకు, కమ్మలకు అనువు. ఉదాహరణకు, గారెట్ ఏటీ గోల్డ్ అనే యంత్రం 18 కిలోహెర్ట్జ్‌తో పనిచేస్తుంది. ముక్కుపుడక, కమ్మ శీల లాంటి వాటికి 40 కిలోహెర్ట్జ్, ఆపైన ఉంటే మంచిది.

తరవాత నేల. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి తడిస్తే కొంత విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. మట్టిలోని ఇనుప ఖనిజాలు ఉత్తుత్తి చప్పుళ్లు పుట్టిస్తాయి. అందుకే నేలకు తగ్గట్టు సరిచేసుకునే గ్రౌండ్ బ్యాలెన్స్ తప్పనిసరిగా ఉండాలి. సూర్యలంక, వాడరేవు తీరాల్లో ఉప్పుతడి ఇసుక ఇంకా చికాకు. అక్కడ పలు ఫ్రీక్వెన్సీలను ఒకేసారి వాడే మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ లాంటివి గానీ, విద్యుత్తును ఆగి ఆగి విసురులుగా పంపే పల్స్ ఇండక్షన్ రకం గానీ కావాలి. పల్స్ ఇండక్షన్ లోతుకు పోతుంది, కానీ ఇనుప మేకుకూ బంగారానికీ తేడా సరిగా చెప్పదు. విరిగిన గొర్రు ముక్కలు, కంచె తీగలు ఉన్న చేలో దానితో రోజంతా మేకులే తవ్వాల్సి వస్తుంది.

పెద్ద కాయిల్ ఎక్కువ మేర చూస్తుంది. అయితే చెత్త ఉన్నచోట చిన్న నగకు ఆరంగుళాల కాయిలే నయం. మామూలు యంత్రానికి ఉంగరం జానెడు లోపు లోతులోనే అందుతుంది, కమ్మ శీల రెండు మూడు అంగుళాల్లోనే. నగ జారిపడే ఎండాకాలపు నెర్రెలు అంతకంటే లోతు. కాబట్టి దున్నకముందే, వానలు పడి నెర్రెలు మూసుకోకముందే వెతకాలి. గుంటలో మట్టిని శోధించడానికి వేలెడు మొనతో ఉండే పిన్‌పాయింటర్ తోడుంటే పని సగం తగ్గుతుంది.

నగ పత్తిపోగులోనో మిరప కల్లంలోనో పడిందనిపిస్తే ఖరీదైన యంత్రం అక్కర్లేదు. పత్తి, మిరపకాయ లోహాలు కావు గనక భద్రతా సిబ్బంది వాడే చేతికర్ర డిటెక్టర్ చాలు. దాని అందుబాటు కొన్ని అంగుళాలే కాబట్టి పోగును పట్టా మీద పలచగా పరిచి చూడాలి. అయస్కాంతంతో వెతకడం మాత్రం వృథా, అది బంగారాన్ని పట్టదు.

కొనేముందు పరీక్ష చేయాలి. పోయిన కమ్మకు జోడును దారంతో అట్టముక్కకు కట్టి, అదే చేలో నాలుగు వేళ్ల లోతున పాతి, యంత్రం పలుకుతుందో లేదో వినాలి. దూరం నుంచే బంగారం దిక్కు చూపిస్తామనే పుల్లల పరికరాలకు శాస్త్రాధారం లేదు, అవి మోసాలు.

వెతుకులాట సొంత చేలోగానీ, యజమాని ఒప్పుకున్న చోటగానీ జరగాలి. అమరావతి, భట్టిప్రోలు లాంటి రక్షిత స్థలాల్లో తవ్వడం నేరం. పది రూపాయలకు మించిన పాత నిధి ఏది బయటపడినా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. ఇతరుల నగ దొరికితే అది పోగొట్టుకున్నవారిదే.